ఇంద్రజాలంలో ఇంద్రుడు ఎందుకున్నాడు? గారడి, కనికట్టు, చేతబడి మాటల పుట్టుక

అల్లిపురం అబ్బాయి:
అందరికీ నమస్కారం. సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్ వాళ్లం పిల్లల కోసం మేజిక్ షో పెట్టిస్తున్నాం. ఆ కళాకారుణ్ణి పరిచయం చేసే పని నాకు అప్పగించారు. "ఇప్పుడు ఇంద్రజాల ప్రదర్శన" అనేసి దిగిపోవడం నాకు ఇష్టం లేదు. ఆ మాట ఎలా పుట్టిందో రెండు ముక్కలు చెప్పాలని ఉంది. ఇంద్రుడికీ మేజిక్‌కీ ఏమిటి సంబంధం? అది అసలు "ఇంద్రియ జాలం" అనీ, కళ్లనీ చెవుల్నీ మోసం చేస్తుంది కాబట్టి ఆ పేరనీ మా ఇంట్లో అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పగలరా?

స్టీల్‌ప్లాంట్ బాబాయి:
నేనూ అలాగే విన్నాను బాబూ. ఇంద్రియాల మీద వేసే వల. అర్థం చక్కగా అతుకుతుంది కదా.

వాల్తేరు మాస్టారు:
అర్థం అతుకుతుంది. కానీ మాట పుట్టుక అది కాదు. "ఇంద్రజాలం" అనే మాట అథర్వవేదంలోనే ఉంది. 8వ కాండ, 8వ సూక్తం. శత్రుసేనను ఓడించడానికి చదివే సూక్తమది. అక్కడి వల ఇంద్రియాలది కాదు, అచ్చంగా ఇంద్రుడిదే. "అంతరిక్షం వల అయింది, మహా దిక్కులు ఆ వలకు గుంజలయ్యాయి, దానితో చుట్టి శక్రుడు దస్యుల సేనను చెల్లాచెదురు చేశాడు" అని ఒక మంత్రం. శక్రుడంటే ఇంద్రుడే. ఆ తర్వాతి మంత్రాల్లో ఒకటి ఇంకా ముఖ్యం:

"అయం లోకో జాలమాసీచ్ఛక్రస్య మహతో మహాన్ / తేనాహమింద్రజాలేనామూంస్తమసాభి దధామి సర్వాన్"

ఈ లోకమే మహా శక్రుడి పెద్ద వల; ఆ ఇంద్రజాలంతో వాళ్లందరినీ చీకటితో కప్పేస్తున్నాను అని అర్థం. అంటే ఈ మాట వినోదంగా పుట్టలేదు, ఆయుధంగా పుట్టింది. అయితే ఆ ఆయుధం చేసే పని చూడండి. ఎదుటివాడికి చీకట్లు కమ్మించడం. అక్కడి నుంచి "లేనిది చూపించడం, ఉన్నది దాచడం" అనే అర్థానికి రావడానికి పెద్ద దూరం లేదు.

"ఇంద్రియ" అనే మాట కూడా ఇంద్రుడి పేరు మీద వచ్చిందే. ఇంద్రుడికి చెందిన శక్తి అని దాని మొదటి అర్థం. కాబట్టి మీ ఇంట్లోవాళ్లు చెప్పిన దారి చివరికి ఇంద్రుడి దగ్గరికే చేరుతుంది, కాకపోతే తిరుగుదారిలో.

పెదజాలారిపేట పిల్ల:
మాస్టారూ, మా పేట పేరులో ఉన్న జాలం ఇదేనా? జాలారి అంటే వల పట్టేవాళ్లని మా తాత చెప్పేవాడు.

వాల్తేరు మాస్టారు:
అవునమ్మా, అదే జాలం. విశాఖ, గంజాం తీరాల మత్స్యకారుల కులం పేరుగా జాలారి అనే మాట ఆ జాలం నుంచి వచ్చిందే. అంతర్జాలంలోనూ అదే ఉంది.

పెదజాలారిపేట పిల్ల:
అయితే ఒకటి చెప్తాను. ఒడ్డుకి లాగే అలివి వల చూశారా ఎప్పుడైనా? తెప్ప మీద వలని సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి వస్తారు. తాళ్ల రెండు కొసలూ ఒడ్డు మీద రెండు జట్ల చేతుల్లో ఉంటాయి. ఆ జట్లు లాగుతూ లాగుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. చేపకి వల కనిపించదు. చివరి దాకా అది మామూలుగానే ఈదుతుంది. మీరు చెప్పిన మంత్రంలో "చుట్టి" అన్న మాట చదవగానే నాకు ఇదే కళ్లముందు కదిలింది. వల వేసేవాళ్లకి తప్ప ఆ మంత్రం అంత బాగా ఎవరికి తడుతుంది!

అల్లిపురం అబ్బాయి:
చాలా బాగుంది. పరిచయంలో జాలారిపేట మాట తప్పకుండా చెప్తాను. మరి యుద్ధం నుంచి వేదిక మీదికి ఎప్పుడు వచ్చింది ఈ మాట?

సిరిపురం పద్మ:
యుద్ధాన్ని వెంటనే వదల్లేదు. సామ దాన భేద దండాలని మనం నాలుగు ఉపాయాలే చెప్పుకుంటాం. కామందకుడి నీతిసారంలో ఉపాయాలు ఏడు. ఆ నాలుగుకీ మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం కలిపాడు. శత్రువు చూస్తుండగా మబ్బులు, చీకటి, వాన, నిప్పు, కొండలు ఉన్నట్టు చూపించి బెదరగొట్టడం, జెండాలు పట్టుకున్న సేనలు దూరంగా వస్తున్నట్టు భ్రమ కల్పించడం అందులోకి వస్తాయి. రాజనీతి చదివేవాడికి ఇది ఒక పాఠం. నాకు ఈ జాబితాలో అన్నిటికంటే నచ్చేది ఉపేక్ష. ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఉపాయమే అన్నాడు ఆయన.

వేదిక మీద ఇంద్రజాలం అంటే శ్రీహర్షుడి రత్నావళి నాటిక చెప్పాలి. 7వ శతాబ్దం. నాలుగో అంకంలో ఉజ్జయిని నుంచి వచ్చిన ఐంద్రజాలికుడు ఉదయన మహారాజుకు ఆకాశంలో దేవతల్ని చూపిస్తాడు. కాసేపటికి అంతఃపురం తగలబడిపోతున్నట్టు మంటలు లేస్తాయి. రాజు నిజమనుకుని అందులోకి దూకేస్తాడు, తను ప్రేమించిన సాగరికను కాపాడతాడు. తీరా చూస్తే మంటలు లేవు. అదంతా మంత్రి యౌగంధరాయణుడు వేసిన ఎత్తు.

వాల్తేరు మాస్టారు:
పద్మగారూ, ఆ పాత్ర ప్రవేశించగానే చదివే నమస్కారం గుర్తుందా? తన పేరును ఇంద్రజాలానికి ఇచ్చిన ఇంద్రుడి పాదాలకు మొక్కండి, అలాగే శంబరుడికీ మొక్కండి అంటాడు. ఋగ్వేదంలో ఇంద్రుడు ఓడించిన శత్రువు శంబరుడు. తర్వాతి కాలానికి అతనే మాయలకు పెద్ద అయ్యాడు. సంస్కృత నిఘంటువు అమరకోశం "స్యాన్మాయా శాంబరీ" అనే చెప్పింది, మాయకు శాంబరి అని పేరు. దేవతకీ, అతని శత్రువుకీ ఒకే నోటితో మొక్కేవాడు ఐంద్రజాలికుడు. ఆ శ్లోకం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

సిరిపురం పద్మ:
గుర్తుంది మాస్టారూ. తెలుగువాళ్లకి ఇంకా దగ్గరిది దశకుమారచరిత్ర. దండి రాసినదాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. అందుకే ఆయన్ని అభినవదండి అన్నారు. అందులో విద్యేశ్వరుడనే ఐంద్రజాలికుడు ఉన్నాడు. రాజవాహనుడు, అవంతిసుందరి ఒకరినొకరు ఇష్టపడ్డారు. పిల్ల తండ్రి మానసారుడు శత్రురాజు. విద్యేశ్వరుడు నిండు కొలువులో ప్రదర్శన మొదలుపెట్టి, చివర్లో "ఒక రాజకుమారుడికీ రాజకుమారికీ పెళ్లి చూపిస్తాను" అంటాడు. అసలు వధూవరుల్నే తెచ్చి, తండ్రి కళ్లెదురుగానే అగ్నిసాక్షిగా పెళ్లి చేసేస్తాడు. అందరూ మాయ అనుకుని చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్తారు. మామూలు ఇంద్రజాలికుడు అబద్ధాన్ని నిజంగా చూపిస్తాడు, ఇతను నిజాన్ని అబద్ధంగా చూపించాడు. అబ్బాయీ, పిల్లలకి ఈ కథ చెప్పు. నోరు తెరుచుకుని వింటారు.

స్టీల్‌ప్లాంట్ బాబాయి:
కథ అదిరింది. మరి మన గారడీ సంగతేటి? చిన్నప్పుడు పూర్ణా మార్కెట్ దగ్గర గారడీవోడు ముంగిసనీ పామునీ కట్టేసి డోలు కొట్టేవోడు. పోట్లాట పెడతానని గంటసేపు ఊరించేవోడు. అందులో ఇంద్రుడు ఎవడూ లేడు.

వాల్తేరు మాస్టారు:
ఇంద్రుడు లేడు గానీ గరుత్మంతుడు ఉన్నాడు. గారడి అనే మాట "గారుడం" నుంచి వచ్చింది. గరుడుడు పాములకు శత్రువు కదా. పాము విషాన్ని దించే మంత్రవిద్యకు గారుడ విద్య అని పేరు. దాని మీద ప్రత్యేకంగా తంత్ర గ్రంథాలే ఉన్నాయి. విషం దించేవాడు గారుడికుడు. మరాఠీలో ఇప్పటికీ గారుడీ అంటే పాములవాడు. పాములు పట్టేవాడు, విషం దించేవాడు, నలుగురినీ పోగేసి పాముల్ని ఆడించేవాడు, ఆ పోగైన జనానికి మరో రెండు వింతలు చూపించేవాడు. ఈ వరసలో మాట జారుతూ వచ్చింది. తెలుగులో పాము వెనక్కి పోయి వింత ముందుకొచ్చింది. మీరు చూసిన ముంగిస, పాము ఆ పాత అర్థంలో మిగిలిన ముక్క.

విజయనగరం వీధి:
మాకు విజయనగరంలో గరిడి అంటే వ్యాయామశాల. కర్రసాము, కత్తిసాము నేర్పే చోటు. కన్నడంలో గరడి మనె అంటారు. గారడి కూడా దీని నుంచే రావచ్చు కదా? సాము చేసేవాళ్లే ఊరూరా తిరిగి విన్యాసాలు చూపించేవాళ్లు.

సిరిపురం పద్మ:
రెండూ వేరు మాటలండీ. మొదటి అక్షరమే తేడా చూడండి. గరిడిలో గ కురచ, గారడిలో గా దీర్ఘం. గారుడంలోని దీర్ఘమే గారడిలో నిలిచింది. కన్నడంలోనూ గారుడి అంటే ఇంద్రజాలం, గరడి అంటే సాముశాల అని రెండూ పక్కపక్కనే విడిగా బతుకుతున్నాయి.

విజయనగరం వీధి:
బాగుంది. కానీ మా ఊళ్లో పులివేషం కట్టి కర్ర తిప్పేవాళ్లని చూస్తే గరిడికీ గారడికీ జనం మనసులో ముడి పడకుండా ఉండదు. ఆ ముడి కూడా నిజమే అంటాను నేను.

ఎంవీపీ కాలనీ డాక్టర్:
మీరంతా సంస్కృతంలోనే తిరుగుతున్నారు. అచ్చ తెలుగు మాట కనికట్టు ఉంది కదా! అన్నిటికంటే నిజాయితీగల మాట అది. కనుకట్టు, అంటే కళ్లు కట్టేయడం. తమిళంలో కణ్‌కట్టు విత్తై, కన్నడంలో కణ్కట్టు. దక్షిణాది అంతా ఒకే ఊహ. ఏ దేవుడి పేరూ లేదు, ఏ శక్తీ లేదు. జరిగేదంతా నీ కంటిలోనే అని చెప్పేస్తుంది. నేను కంటి డాక్టర్ని కాబట్టి ఇంకొంచెం చెప్తాను. కన్ను చూసేదాన్ని మెదడు అంతా పట్టించుకోదు. దృష్టి పెట్టిన చోటు తప్ప మిగతాది చాలావరకు ఊహించుకుంటుంది. ఐంద్రజాలికుడు కుడిచేతిని పైకెత్తి దాన్నే తను కూడా చూస్తాడు. మన కళ్లూ అటే వెళ్తాయి. ఎడమచెయ్యి తన పని చేసుకుంటుంది. కళ్లు మూసేయక్కర్లేదు, కట్టేస్తే చాలు. ఈ సంగతి తెలిసిన పూర్వీకులెవరో ఆ మాట కట్టారు.

మర్రిపాలెం ముసాఫిర్:
నాకు ఉర్దూ వచ్చు కాబట్టి జాదూ గురించి రాస్తాను. అది పారశీక మాట. దాని పాత రూపం "యాతు". ఇరాన్ పాత గ్రంథం అవెస్తాలో యాతు అంటే క్షుద్రవిద్య చేసేవాడు. మొదట్లో ఉన్న య పారశీకంలో జ అయిపోతుంది. మన యువన్ అక్కడ జవాన్ అయినట్టు, యవలు జవ్ అయినట్టు యాతు జాదూ అయింది. ఆ యాతు మీ వేదంలోనూ ఉందని విన్నాను.

వాల్తేరు మాస్టారు:
ఉంది. యాతుధానుడు. ఋగ్వేదం 7వ మండలం 104వ సూక్తంలో వసిష్ఠుడు ఒట్టు పెట్టుకుంటాడు: "అద్యా మురీయ యది యాతుధానో అస్మి". నేను యాతుధానుడినైతే ఈరోజే చచ్చిపోతాను అని. తన మీద ఎవరో ఆ నింద వేశారు, దానికి జవాబది. అమరకోశం నాటికి యాతుధానుడు రాక్షసుడికి మరో పేరుగా మిగిలాడు. రైల్వే స్టేషన్ దగ్గర పిల్లలు అరిచే జాదూ, వసిష్ఠుడి నోట వచ్చిన యాతు ఒకే తల్లి బిడ్డలు.

మర్రిపాలెం ముసాఫిర్:
మేజిక్ కూడా ఇరాన్ నుంచే బయల్దేరింది. పాత పారశీకంలో "మగుష్" అంటే పూజారి వర్గంవాడు. డేరియస్ చక్రవర్తి బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో ఆ మాట ఉంది. గ్రీకులు దాన్ని మాగోస్ అన్నారు. తమకు అర్థంకాని పరాయి పూజలన్నీ "మాగోసుల విద్య" అన్నారు. అదే లాటిన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు మేజిక్ అయింది. బైబిల్లో ఏసు పుట్టినప్పుడు నక్షత్రం చూసి వచ్చినవాళ్లు ఈ మాగోసులే. తెలుగు బైబిల్లో "తూర్పు దేశపు జ్ఞానులు" అన్నారు. పక్కవాడి పూజారి మనకు మంత్రగాడు. అది అన్ని దేశాల్లోనూ జరిగింది.

ఏయూ స్టూడెంట్:
మరి అబ్రకదబ్ర? దానికి అర్థం ఉందా?

ఎంవీపీ కాలనీ డాక్టర్:
అది మా వైద్యుల మాటే తమ్ముడూ. మొదట కనిపించేది సెరేనస్ సామ్మోనికస్ అనే రోమన్ రచయిత పద్యాల్లో రాసిన వైద్య గ్రంథంలో. విడిచి విడిచి వచ్చే జ్వరానికి చికిత్సగా చెప్పాడు. ఆ మాటను కాగితం మీద పూర్తిగా రాయాలి. కింది వరసలో ఒక అక్షరం తగ్గించాలి. అలా తగ్గిస్తూ పోతే చివరికి ఒకే అక్షరం మిగిలి, మొత్తం తలకిందుల త్రికోణంలా కనిపిస్తుంది. దాన్ని నారదారంతో మెడలో కట్టుకోవాలి. అక్షరాలు తగ్గినట్టే జ్వరం తగ్గుతుందని నమ్మకం. అరమాయిక్ నుంచి వచ్చిందనీ, అబ్రాక్సాస్ అనే దేవుడి పేరు నుంచి వచ్చిందనీ రకరకాలుగా చెప్తారు. ఏదీ ఖాయం కాలేదు. 1665 నాటి లండన్ ప్లేగులో కూడా జనం దీన్ని రాసి కట్టుకున్నారని డేనియల్ డిఫో రాశాడు. సెరేనస్ చెప్పిన ఆ విడిచి విడిచి వచ్చే జ్వరం మలేరియా లక్షణాలకు సరిపోతుంది.

పాడేరు టీచర్:
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. మలేరియా మాట వచ్చింది కాబట్టి రాయాలనిపించింది. నేను ఏజెన్సీలో పని చేస్తున్నాను. 2022 నుంచి మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, అంతకుముందు విశాఖ జిల్లానే. మీరు చెప్పిన మాటలన్నీ చప్పట్లు తెచ్చేవి. మా దగ్గర చిల్లంగి అనే మాట ఉంది. అది మనిషిని చంపే మాట. వానాకాలం చలిజ్వరం వస్తుంది. ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది. ఎవరో చిల్లంగి పెట్టారంటారు. ఆ "ఎవరో" ఎప్పుడూ ఒంటరి ముసలివాళ్లు, విధవలు, పొలం తగాదా ఉన్న దాయాదులే అవుతారు. చిల్లంగి నెపంతో హత్య అని పేపర్లో చిన్న వార్త వస్తుంది. మైదానంలో దీన్నే చేతబడి అంటారు, తెలంగాణలో బాణామతి. వాటి గురించి కూడా ఎవరైనా చెప్పండి. పిల్లలకి క్లాసులో చెప్పాలి నేను.

మర్రిపాలెం ముసాఫిర్:
టీచర్‌గారూ, బాణామతిలో బాణమేమీ లేదు. మరాఠ్వాడాలో, బీదర్, గుల్బర్గా వైపు అది భానామతి. ఉత్తరాది జానపద కథల్లో గారడీలకు పేరుమోసిన భానుమతి అనే ఆవిడ ఉంది. హిందీలో "భానుమతీ కా పిటారా", అంటే భానుమతి పెట్టె, అనే జాతీయం ఆమె మీదే.

సిరిపురం పద్మ:
చేతబడిలో చాలామంది చెయ్యినీ, పాఠశాల బడినీ చూస్తారు. రెండూ కావు. చేత అంటే చేయడం, చేతలు అంటాం కదా. బడి అంటారా, రాబడి, దిగుబడి, పెట్టుబడి, చెల్లుబడిలో ఉన్నదే. కలిపితే "చేయబడినది". అంతే. అందులో దెయ్యం లేదు, మంత్రం లేదు. తమిళంలో సెయ్‌వినై అంటారు, చేసిన పని అని అర్థం. సంస్కృతంలో కృత్య, అదీ చేయడం నుంచే. పోతన భాగవతంలో దూర్వాసుడు జట పెరికి అంబరీషుడి మీదికి పంపినది కృత్యనే. పోర్చుగీసు వాళ్లు మంత్రప్రయోగానికి వాడే ఫెయితీసు కూడా "చేసినది" అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషు ఫెటిష్ దాని బిడ్డే. ఎక్కడెక్కడి మనుషులో ఒకే మాట దగ్గరికి వచ్చారు. ఎందుకంటే జబ్బు చేసినప్పుడు మనిషికి మొదట పుట్టే అనుమానం "ఎవరో ఏదో చేశారు" అనే. ఏం చేశారో పేరు పెట్టి చెప్పడానికి భయం. అందుకే "చేశారు" దగ్గరే ఆగిపోతుంది మాట.

పాడేరు టీచర్:
పద్మగారూ, ఇది నాకు చాలా ఉపయోగపడుతుంది. మా పిల్లల్ని ఇదే అడుగుతాను. "చేసింది ఎవరు?" అని. దోమ చేసింది అని వాళ్లే చెప్పేలా పాఠం తయారుచేస్తాను. రక్తపరీక్ష స్లైడ్ కూడా చూపిస్తాను.

ఎంవీపీ కాలనీ డాక్టర్:
పాత మైక్రోస్కోప్ ఒకటి మా క్లినిక్‌లో ఖాళీగా ఉంది. బాగానే పని చేస్తుంది. మీకు ఈ ఫోరంలోనే విడిగా సందేశం రాస్తాను, తీసుకెళ్లండి.

స్టీల్‌ప్లాంట్ బాబాయి:
డాక్టరుగారూ, పాడేరు పంపే ఏర్పాటు నేను చూస్తాను. మా కాలనీ నుంచి వారం వారం వ్యాన్ వెళ్తుంది.

అల్లిపురం అబ్బాయి:
నేను అడిగింది ఒకటి, దొరికింది ఇంత! అందరికీ ధన్యవాదాలు. ఒక చిన్న సందేహం. తెలుగునేల మీద ఈ విద్యే వృత్తిగా బతికినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్ల పేరు కూడా చెప్పాలని ఉంది.

వాల్తేరు మాస్టారు:
విప్రవినోదులు ఉన్నారు. పేరులోనే ఉంది, బ్రాహ్మణ సభల్లో, శుభకార్యాల్లో ఇంద్రజాలం చూపించే బ్రాహ్మణులు. విజయనగర కాలపు శాసనాల్లో వాళ్ల ప్రస్తావన ఉంది. అగ్రహారాల నుంచి తమకు రావలసిన ఆదాయాన్ని దేవాలయాలకు రాసిచ్చేసిన శాసనాలవి. అలాగే సాధనాశూరులు. పద్మశాలీలను ఆశ్రయించి, వాళ్ల ఊళ్లు తిరుగుతూ అద్భుత విద్యలు చూపించినవాళ్లు. వీళ్లిద్దరి పేర్లూ చెప్పు. ఇంద్రజాలం అంటే బెంగాల్‌నీ పి.సి.సర్కార్‌నీ తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా, ఆయన తన ప్రదర్శనకు ఇంద్రజాల్ అనే పేరు పెట్టి ప్రపంచమంతా తిప్పాడు. మనవాళ్లనీ తలుచుకోవాలి.

అల్లిపురం అబ్బాయి:
తప్పకుండా మాస్టారూ. ఆఖరి ప్రశ్న. బ్యానర్ ప్రింటింగ్‌కి ఇవ్వాలి. ఇంద్రజాలికుడు అని వేయించాలా, ఐంద్రజాలికుడు అనా?

వాల్తేరు మాస్టారు:
రెండూ వాడుకలో ఉన్నాయి. కావ్యాల్లో ఎక్కువగా కనిపించేది ఐంద్రజాలికుడు. వేదం నుంచి వైదికుడు వచ్చినట్టు ఇంద్రజాలం నుంచి ఐంద్రజాలికుడు. బ్యానర్ మీద అదే వేయించు. ప్రింటింగ్ వాళ్లు "ఐ" తీసి "ఇ" పెట్టేస్తారు, ప్రూఫ్ ఒకసారి నాకు పంపు.

పెదజాలారిపేట పిల్ల:
షో ఏ రోజో, ఎన్ని గంటలకో ఇక్కడ పెట్టండి. మా పేట పిల్లల్ని తీసుకొస్తాను.